వ్యాసములు దిద్దువారికి విద్య

రాత్రి పొద్దుపోయినది. ఇంటిల్లిపాది భోజనములు ముగించి పడకలకు చేరిరి. కళాశాలలో పాఠము చెప్పు ఒక ఉపన్యాసకుడు మాత్రము బల్ల ముందు కూర్చుండి, ఎర్రసిరా కలము చేతబట్టి, అరువది వ్యాసముల కట్టను విప్పును. మొదటి పది వ్యాసములు శ్రద్ధతో చదువును. ఇరువదవ వ్యాసమునకు కన్నులు బరువెక్కును. నలుబదవ వ్యాసము వచ్చుసరికి చదువుట మాని, తప్పుల క్రింద గీతలు గీయుట మాత్రమే మిగులును. ఉపాధ్యాయులున్న ప్రతి ఇంటను ఈ దృశ్యము పరిచితమైనదే.

ఆ ఉపన్యాసకుని ఒక ప్రశ్న అడిగి చూడుడు: “అయ్యా, ఈ పని ఎట్లు చేయవలెనో మీకెవరు నేర్పిరి?” ఆయన కావ్యములు చదివినాడు, నాటకములు చదివినాడు, సాహిత్య చరిత్రలో పట్టము పుచ్చుకొన్నాడు. కాని ఇంకొకనికి వ్రాయుట నేర్పు విద్యను ఆయనకు ఎవరును నేర్పలేదు. చిన్ననాడు తన వ్యాసములను ఎవరు ఏ తీరున దిద్దిరో, నేడు తానును ఆ తీరుననే దిద్దును.

కళాశాల విద్యార్థులకు రచన నేర్పుట ఒక ప్రత్యేక విద్య యనియు, బి.ఏ. పిదప దానిని విశ్వవిద్యాలయములో అభ్యసించి డాక్టరు పట్టము పొందవచ్చుననియు చెప్పినచో మనలో పలువురకు ఆశ్చర్యము కలుగును. అమెరికా దేశములో అట్టి విద్య కలదు. అది పుట్టి, ఒకసారి అణగిపోయి, మరల తలయెత్తుటకు సుమారు నూరేండ్లు పట్టినది. ఆ కథయే నేటి ప్రసంగ విషయము.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు అమెరికా కళాశాలలలో రెటరిక్ అను శాస్త్రము, అనగా మాటతో ఎదుటివానిని ఒప్పించు విద్య, ప్రధానముగా నోటి విద్యగా ఉండెను. విద్యార్థులు సూత్రములు వల్లించి, సభలో నిలబడి ఉపన్యసించుచుండిరి. 1869లో చార్లెస్ ఎలియట్ హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. వ్యాపారము, పరిశ్రమలు, న్యాయవాద వృత్తి విస్తరించుచున్న ఆ దినములలో చక్కగా వ్రాయగలవారు కావలెనని ఆయన తలచెను. తన సహాధ్యాయియు, పత్రికా రచయితయు అయిన ఆడమ్స్ షెర్మన్ హిల్‌ను 1872లో పిలిపించి రెటరిక్ బోధన అప్పగించెను. 1874 నుండి హార్వర్డు ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసము ఒక భాగమైనది. మొదటి సంవత్సరములలో పరీక్షకు కూర్చున్నవారిలో సుమారు సగము మంది తప్పుచుండిరి. మంచి కుటుంబములలో పుట్టి, మంచి పాఠశాలలలో చదివిన పిల్లలు తమ మాతృభాషలో ఒక పుట తిన్నగా వ్రాయలేకపోయిరి.

దీనికి చికిత్సగా 1885లో మొదటి సంవత్సరపు విద్యార్థులందరికి ‘ఇంగ్లీష్ ఏ’ అను రచనా పాఠ్యక్రమమును నిర్బంధము చేసిరి. ఇతర కళాశాలలును అదే దారి పట్టినవి. బారెట్ వెండెల్ అను ఆచార్యుడు తన తరగతిలో ప్రతి విద్యార్థియు దినమునకొక చిన్న రచన చేసి తేవలెనని ఏర్పాటు చేసెను. ఈ పద్ధతియు ప్రసిద్ధి కెక్కినది.

ఏర్పాటు మంచిదే. కాని వ్రాసినదానిని చదువువారెవరు? ఒక చిన్న లెక్క వేయుదము. ఒక ఉపాధ్యాయునికి నూరుగురు విద్యార్థులు. వారమునకు ఒక్కొక్కరు ఒక్క వ్యాసము. ఒక్కొక్క వ్యాసమునకు పది నిమిషములు. వెయ్యి నిమిషములు, అనగా పదునారు గంటలకు పైమాట, దిద్దుటకే సరిపోవును. తరగతిలో నిలబడి చెప్పు పాఠము దీనికి అదనము.

ఈ భారమును ఆనాటి విద్వాంసులు ఎట్లు చూచిరో తెలుపు నిదర్శన మొకటి కలదు. హార్వర్డులో 1851 నుండి రెటరిక్ ఆచార్య పీఠము నలంకరించిన ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డు మహా పండితుడు. ఇంగ్లండు, స్కాట్లండు దేశముల జానపద గేయములు 305 సేకరించి, పాఠభేదములతో ప్రకటించి, లోకమున కీర్తి గడించినవాడు. ఆయనకు విద్యార్థుల వ్యాసములు దిద్దుట తలనొప్పిగా ఉండెను. 1876లో, క్రొత్తగా వెలసిన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము ఆయనను ఆహ్వానించినది. హార్వర్డు ఆయనను వదలుకొనలేక, వ్యాసములు దిద్దు పనినుండి విముక్తి కలిగించి, ఇంగ్లీషు సాహిత్యాచార్యునిగా చేసినది. రచనాబోధన నుండి తప్పించుటయే పండితునికి బహుమాన మైనది! ఆనాటినుండి అమెరికా విశ్వవిద్యాలయములలో ఒక వర్ణవ్యవస్థ వంటిది పాదుకొన్నది. పరిశోధన చేయువారు పై మెట్టున, సాహిత్యము చెప్పువారు వారి సరసన, వ్యాసములు దిద్దువారు అట్టడుగున. జర్మనీ విశ్వవిద్యాలయముల వరవడిలో వచ్చిన డాక్టరు పట్టము ప్రాచీన గ్రంథముల పరిశోధనకే దక్కెను గాని, విద్యార్థి వ్రాసిన పుటను చదువు విద్యకు దక్కలేదు.

విద్యార్థుల లోపములను విచారించుటకు హార్వర్డు పర్యవేక్షకులు నియమించిన సంఘము 1892లో తన మొదటి నివేదికను సమర్పించినది. సభ్యులలో ఒకరు రైల్వే కంపెనీ నడపినవారు, ఒకరు పత్రికా సంపాదకులు, ఒకరు న్యాయవాది. రచనాబోధన వృత్తిగా గలవారు ఒక్కరును లేరు. వారు వేలకొలది పుటల విద్యార్థుల రచనలు తెప్పించి చూచి, తప్పంతయు క్రింది పాఠశాలలదే యని తేల్చిరి. ఈ నివేదిక దేశమంతటను మారుమ్రోగినది. తప్పులను లెక్కించుటయే గాని, తప్పు ఏల పుట్టినదని అడుగుట ఆ నివేదిక ధోరణి కాదు.

ఆ ప్రశ్న వేసినవాడు మరియొక చోట నుండెను. మిచిగన్ రాష్ట్రములోని ఆన్ ఆర్బర్ పట్టణమున, అక్కడి విశ్వవిద్యాలయములో 1889 నుండి బోధించుచున్న ఫ్రెడ్ న్యూటన్ స్కాట్ ఆయన. మనుష్యుడు మాటాడుట, వ్రాయుట సంఘములో ఇతరులతో కలసి బ్రతుకుటకై చేయు పనులనియు, వాని మూలములను మనశ్శాస్త్రములోను, భాషాశాస్త్రములోను వెదకవలెననియు ఆయన నమ్మకము. విద్యార్థి ఇంటినుండి తెచ్చుకొన్న భాషను శత్రువుగా చూడరాదనియు ఆయన భావించెను. 1903లో మిచిగన్‌లో రెటరిక్‌కు ప్రత్యేక శాఖ ఏర్పడినది. స్కాట్ దానికి అధిపతి. సాహిత్య శాఖకు దాసిగా గాక, తన కాళ్లపై తాను నిలిచి, ఎం.ఏ., డాక్టరు పట్టములకు విద్యార్థులను తయారుచేసిన శాఖ అది.

ఆయన శిష్యులలో అగ్రగణ్యురాలు గెర్‌ట్రూడ్ బక్. ఆమె 1898లో డాక్టరు పట్టము పొందెను. రూపకాలంకారము మనస్సులో ఎట్లు పుట్టునన్నది ఆమె పరిశోధన విషయము. రూపకము మాటకు పైపూతగా అద్దిన రంగు గాదనియు, తలంపు విచ్చుకొనుచున్న దశలో సహజముగా పుట్టునదనియు ఆమె వాదించెను. అలంకారములను గూర్చి శతాబ్దులుగా తర్కించిన మన దేశమువారికి ఈ చర్చ ఆసక్తి గొలుపక మానదు. ఆమె వాసర్ అను స్త్రీల కళాశాలలో చేరి, 1922లో మరణించువరకు అచ్చటనే బోధించెను.

1911లో షికాగో నగరమున ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ మండలి స్థాపిత మైనది. స్కాట్ దానికి మొదటి అధ్యక్షుడు. మండలి పత్రిక తొలి సంచిక 1912లో వెలువడినది. కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్విన్ హాప్‌కిన్స్ అందులో, ఇప్పుడున్న పరిస్థితులలో రచనను చక్కగా బోధించుట సాధ్యమా అని ప్రశ్నించి, సాధ్యము కాదని ఒక్క మాటలో జవాబు చెప్పెను. ఉపాధ్యాయుని చేతిలో ఇందరు విద్యార్థులున్నంత కాలము ఎంతటి పండితుడైనను ఓడిపోవునని ఆయన వాదము.

ఇక్కడ ఒక్క క్షణము మన దేశమునకు వత్తము. సరిగా ఆ సంవత్సరములలోనే, మద్రాసు రాజధానిలో, కళాశాల విద్యార్థి వ్రాయు తెలుగు వ్యాసమును గూర్చి పెద్ద వివాదము చెలరేగెను. విద్యార్థి గ్రాంథికమున వ్రాయవలెనా, శిష్టుల వ్యవహారమునందలి భాషలో వ్రాయవచ్చునా అన్నది తగవు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1913లో ఆధునికాంధ్రమును సమర్థించుచు విజ్ఞాపన పత్రము ప్రకటించిరి. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షమున నిలిచిరి. గురజాడ అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రము సమర్పించిరి. మనము ఈ ఘట్టమును సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయముగా చదువుకొనుచున్నాము. నిజమునకు అది రచనాబోధన చరిత్రలో కూడ ఒక అధ్యాయమే. పిల్లవాడు ఇంటినుండి తెచ్చిన మాటను ఏమి చేయవలె నన్న ప్రశ్న ఆన్ ఆర్బర్‌లోను, పర్లాకిమిడిలోను ఒక్క కాలముననే తలయెత్తినది. ఒకరి ఉనికి ఒకరికి తెలియవలసిన పని లేకయే, ఒకే బాధ రెండు చోట్ల నోరు తెరచినది.

మరల ఆన్ ఆర్బర్ కథకు వత్తము. స్కాట్ 1927లో ఉద్యోగ విరమణ చేసెను. తరువాత కొలది యేండ్లకే ఆయన నెలకొల్పిన శాఖను ఇంగ్లీషు శాఖలో కలిపివేసిరి. ముప్పది యేండ్ల కృషి ఒక వ్యక్తితో నిలిచి, ఆ వ్యక్తితోనే పోయినది. ఎక్కడికక్కడ పాత పద్ధతి కొనసాగినది. మిల్టనుపై సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న యువకునికి జీవనోపాధికై మొదటి సంవత్సరపు రచనా తరగతులు అప్పగించుదురు. అతడును ఆ తరగతులను ఎప్పుడు దాటిపోదునా యని ఎదురుచూచును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినది. 1944 నాటి శాసనము ననుసరించి, యుద్ధమునుండి మరలి వచ్చిన సైనికులకు చదువు ఖర్చులు ప్రభుత్వమే భరించినది. ఇరువది రెండు లక్షల మంది కళాశాలలలో చేరిరి. రచనా తరగతులు క్రిక్కిరిసిపోయినవి. ఆ తరగతులు నడపువారు తమ కష్టసుఖములు చెప్పుకొనుటకు 1949లో ఒక సమ్మేళనముగా ఏర్పడిరి. మరుసటి సంవత్సరము తమ పత్రికను ప్రారంభించిరి. తమ పనికి ఒక చరిత్ర యున్నదని కూడ వారిలో పలువురకు అప్పటికి తెలియదు. 1953లో ఆల్బర్టు కిట్‌జ్‌హాబర్ అను విద్యార్థి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో, గత శతాబ్దపు రచనాబోధన చరిత్రపై సిద్ధాంతవ్యాసము వ్రాసెను. అది పుస్తకముగా అచ్చైనది 1990లో! నడుమ ముప్పది యేడేండ్లు దానికి అచ్చుభాగ్యము లేదు. అయినను ఈ రంగములోనివారు వెదకికొని చదివి, స్కాట్‌ను మరల గుర్తించిరి.

1963లో మండలి పక్షమున ముగ్గురు పరిశోధకులు, రచనాబోధనపై అంతవరకు జరిగిన పరిశోధన లన్నిటిని పరిశీలించి ఒక నివేదిక ప్రకటించిరి. రసవాదము నుండి రసాయనశాస్త్రముగా మారుచున్న దశలో ఆ కాలపు రసాయన శాస్త్ర మెట్లుండెనో, తమ రంగమును అట్లే యున్నదని వారు ఒప్పుకొనిరి. వ్యాకరణ సూత్రములను విడిగా వల్లింపజేయుట వలన రచన మెరుగుపడుననుటకు ఆధారము లేదని కూడ వారు చెప్పిరి. ఎర్రసిరాపై నమ్మకముంచినవారికి ఇది చేదు మాటయే.

ఇంతవరకు అందరును వ్రాసి ముగించిన పుటనే చూచిరి. 1971లో జానెట్ ఎమిగ్ అను విదుషీమణి వ్రాయుచున్న మనిషిని చూచెను. ఉన్నత పాఠశాల చివరి తరగతి విద్యార్థులను ఎనమండుగురిని పిలిచి, వ్రాయుచు తమ మనస్సులో కదలు తలంపులను పైకి చెప్పుడని కోరెను. వారు ఎక్కడ ఆగుచున్నారు, ఏమి కొట్టివేయుచున్నారు, ఎందుకు వెనుకకు పోవుచున్నారు అన్నది గుర్తించెను. పాఠ్యపుస్తకములు చెప్పు క్రమము, అనగా ముందు ప్రణాళిక, పిదప రచన, చివర దిద్దుబాటు అను మూడు మెట్ల దారి, నిజమైన రచనలో కానరాలేదు. మనస్సు ముందుకును వెనుకకును నడచుచునే యున్నది.

ఈ చరిత్రలో మిక్కిలి హృదయంగమమైన ఘట్టము న్యూయార్కు నగరములో జరిగినది. 1970లో నగర విశ్వవిద్యాలయము ఉన్నత పాఠశాల ముగించిన నగరవాసులందరికి తలుపులు తెరచినది. వలసవచ్చిన కుటుంబముల పిల్లలు, నల్లజాతివారి పిల్లలు, ప్యూర్టోరికో నుండి వచ్చినవారి పిల్లలు వేలకొలదిగా వచ్చిరి. వారి వ్యాసములు చూచి పలువురు ఆచార్యులు చేతులెత్తివేసిరి. వీరికి చదువు అంటదనిరి. సిటీ కాలేజీలో రచనాబోధన నిర్వహించుచున్న మీనా షాఘ్నెస్సీ మాత్రము అట్లనలేదు. 1970 నుండి 1974 వరకు ప్రవేశ సమయమున విద్యార్థులు వ్రాసిన సుమారు 4,000 వ్యాసములను దగ్గర పెట్టుకొని చదివెను. తప్పులను వెదకుటకు కాదు, ప్రతి తప్పు వెనుకనున్న తర్కమును వెదకుటకు.

ఆమె కనుగొన్నదానిని మన ఇంటి ఉదాహరణముతో చెప్పవచ్చును. తెలుగు పిల్లవాడు ఇంగ్లీషు వ్రాయునప్పుడు ‘ది’, ‘ఎ’ అను చిన్నమాటలను తరచు విడుచును. అతడు సోమరి యగుట చేతనో, తెలివి లేకనో కాదు. అతని భాషలో వానికి చోటు లేదు. తన భాష నేర్పిన నియమమునే అతడు నిజాయితీగా పాటించుచున్నాడు. ఆ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్క పాఠములో చెప్పగలదానిని, తెలియని ఉపాధ్యాయుడు నూరు ఎర్రగీతలతోను చెప్పలేడు. తప్పు నేరము కాదు, నేర్చుకొను మనస్సు వేసిన అడుగుజాడ. షాఘ్నెస్సీ 1977లో ప్రకటించిన గ్రంథము సారమిది. అప్పటికి ఆ తలుపులు మరల మూయబడుచున్నవి. నగరము ఆర్థిక సంక్షోభమున చిక్కి, 1976లో విశ్వవిద్యాలయమున జీతములు విధించిరి. మరుసటి గ్రంథమునకు ఆమెకు ఆయుర్దాయము చాలలేదు. 1978లో, ఏబది నాల్గవ యేట, ఆమె కాలధర్మము నొందెను.

కాని ఈ పర్యాయము విత్తనము ఎండిపోలేదు. తప్పు చదువుట ఒక విద్య యైనప్పుడు, ఆ విద్యను నేర్పు బడులు కావలెను గదా! కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము 1980లో రెటరిక్‌లో డాక్టరు పట్టమునకు పాఠ్యక్రమమును ఆరంభించినది. 1987 నాటి పరిశీలనలో అట్టి పాఠ్యక్రమములు దేశమంతటను సుమారు నలుబది. 1994 నాటికి డెబ్బదికి మించినవి. అందు చేరినవారు అరిస్టాటిల్, క్వింటిలియన్ మొదలు నేటివరకు గల రెటరిక్ చరిత్ర చదువుదురు. వ్రాయు మనస్సును గూర్చిన సిద్ధాంతములు చదువుదురు. పరిశోధన పద్ధతులు నేర్తురు. అన్నిటికంటె ముఖ్యము వేరొకటి. తాము స్వయముగా ఒక రచనా తరగతిని నడపుచు, తాము దిద్దిన వ్యాసములను తోడివారి ముందు, గురువు ముందు పెట్టి, “ఈ మాట ఇక్కడ ఏల వ్రాసితిని? దీనిని చదివి విద్యార్థి ఏమి చేయగలడు?” అని తమ్ము తాము ప్రశ్నించుకొందురు. వైద్యవిద్యార్థి ఆసుపత్రిలో పెద్ద వైద్యుని వెంట రోగుల మంచముల నడుమ తిరిగి నేర్చుకొనుట వంటిది ఇది.

అన్నియు చక్కబడినవని మాత్రము చెప్పరాదు. పట్టములు పెరిగినవి గాని, మొదటి సంవత్సరపు రచనా తరగతులలో ఎక్కువ భాగము నేటికిని తాత్కాలికోద్యోగులు, పరిశోధక విద్యార్థులు నడపుచున్నవే. 1986లో వయోమింగ్‌లో జరిగిన సమావేశమున ఉపాధ్యాయులు తమ జీతములను, పని భారమును గూర్చి తీర్మానము చేసిరి. అందలి మొర, డెబ్బది నాలుగేండ్లనాటి హాప్‌కిన్స్ మొరకు చాల దూరములో లేదు. విద్య పెరిగినంత త్వరగా విద్య చెప్పువాని స్థానము పెరుగలేదు.

మన నాటను ఈ దిక్కుగా ప్రయత్నములు లేకపోలేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకై 1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్ల సంస్థ వెలసినది. అదియే 1972లో విదేశీ భాషలను కూడ చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయ మైనది. ఎందరో కళాశాల ఉపన్యాసకులు అక్కడ బోధనాపద్ధతులు నేర్చిరి. ఇది ఇంగ్లీషు మాట. తెలుగున వ్యాసము వ్రాయుట నేర్పువానికి కూడ అంతటి శిక్షణ అవసరము గాదా? గిడుగువారును, జయంతివారును ఏ తెలుగు వ్రాయవలెనని పోరాడిరి. ఆ తగవు కాలమే తీర్చినది. ఆ తెలుగును ఎట్లు నేర్పవలెనన్న ప్రశ్నకు అంతటి పట్టుదలతో పోరాడువారు ఇంకను రావలసియున్నది.

శ్రోతలారా, మీ ఇంటి పిల్లవాడు ఎర్రగీతలతో నిండిన వ్యాసము తెచ్చి మీ చేతిలో పెట్టినప్పుడు, ఎన్ని మార్కులని అడుగుటకు ముందు ఆ పుటను ఒకసారి చదువుడు. ఒక్క తప్పును ఎన్నుకొని, “ఇది ఇట్లు ఏల వ్రాసితివి నాయనా?” యని మెల్లగా అడుగుడు. అతడు చెప్పు జవాబు మిమ్ము ఆశ్చర్యపరచవచ్చును. ఆన్ ఆర్బర్‌లో స్కాట్, న్యూయార్కులో షాఘ్నెస్సీ అడిగినది అదియే. విశ్వవిద్యాలయములు ఆ ప్రశ్నను విద్యగా అంగీకరించుటకు నూరేండ్లు పట్టినది. ఇంటిలో అడుగుటకు అంత కాలము పట్టనక్కరలేదు.